చేపల దండెం మీద కిటికీ మూలలు

హెన్నింగ్ పెట్టె తెరిచి
జున్నుముక్కల్లా కోసిన మూడు కిటికీ మూలలు
నా భోజనబల్ల మీద పెట్టాడు.
ఒకటి అల్యూమినియం. ఒకటి ప్లాస్టిక్.
మూడోది ఫైబర్‌గ్లాస్, "రేపటి సరుకు" అన్నాడు.
ముప్పై ఏళ్ల హామీ కాగితం కూడా జతచేశాడు.
నాకు యాభై తొమ్మిది.
లెక్క వేసుకుని, అతనికి కాఫీ పోశాను.

వార్డోలో గాలిని పేరు పెట్టి పిలవం,
ఇంట్లో మనిషిని "ఏమండీ" అన్నట్టే.
అది తలుపు కొట్టదు. ఉప్పు మోసుకొచ్చి
దొరికిన సందులో కూరి పోతుంది.
మొన్న ఆస్లాక్ వచ్చి తూర్పు కిటికీ కింది బద్దకి
కత్తిమొన ఆనించాడు,
నొక్కలేదు, ఆనించాడంతే,
ఉడికిన కాడ్ చేపలోకి దిగినట్టు దిగింది.
పై బద్దలో గుచ్చితే కత్తే వంగింది.
"ఇది చేవ" అన్నాడు. "నింపాదిగా పెరిగిన పైన్."
యుద్ధంలో ఊరు బూడిదయ్యాక
మళ్ళీ కట్టిన ఏడాది మా మామగారు బిగించిన చట్రం.
కింది బద్దకి చేవ చాలలేదు కాబోలు,
తెల్లచెక్క పెట్టి రంగు పూసేశాడు.
డెబ్భై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

కార్ఖానాలో ముప్పై రెండేళ్లు
ఎండుచేపకు తరగతులు కట్టిన దాన్ని.
వాసన చూసి, వెన్ను తట్టి, ఆ చప్పుడు విని.
కాగితం చదివి ఏ చేపనూ పాస్ చేయలేదు.
అందుకే ఫిబ్రవరిలో
తోకలు కట్టి జంటలుగా వేలాడేసిన చేపల మధ్య
హెన్నింగ్ మూలలు మూడూ,
ఆస్లాక్ కోసిచ్చిన పాత చేవముక్క ఒకటీ
తాళ్ళతో వేలాడదీశాను.
పక్క దండెం దగ్గర యోర్డిస్ నవ్వింది:
"వీటిని కూడా ఇటలీ వాళ్లు కొంటారా?"

మంచు. కరగడం. మళ్ళీ మంచు.
ఒక రాత్రి గాలికి దండెమే మూలిగింది.

మే మొదట్లో దించాం.
అల్యూమినియానికి కోసిన అంచున రంగు పొంగి
దాని కింద తెల్లపొడి.
పట్టుకుంటే చలి మోచేతి దాకా పాకింది.
నా పొయ్యి వేడినంతా ఇలాగే బయటికి మోస్తావా
అని అడిగాను దాన్ని.
ప్లాస్టిక్ ఏమీ ఎరగనట్టు తెల్లగానే ఉంది,
గడ్డకట్టిన చేప కొట్టుకున్న చోట మాత్రం
గోరంత బీట.
ఫైబర్‌గ్లాస్‌కి ఏమీ కాలేదు.
నిజం చెప్పాలి కదా, ఏమీ కాలేదు.
నాకు కాస్త కోపం కూడా వచ్చింది.
చేవముక్క బూడిదరంగుకు తిరిగింది.
కత్తి ఇంకా దిగలేదు.

"ఇంకేం, చెక్కే" అన్నాడు ఆస్లాక్.
"ఐదారేళ్లకోసారి అవిసెనూనె రంగు. అంతే."
ఆ "అంతే"లో ఒక నిచ్చెన ఉంది.
నిచ్చెన మీద నా మోకాళ్లున్నాయి.
కర్ర ఎన్నాళ్లు మన్నుతుందో అతను చెప్పగలడు,
కుంచె పట్టే చెయ్యి ఎన్నాళ్లో
ఏ కత్తిమొనకు తెలుస్తుంది?

కాబట్టి ఇలా అనుకున్నాం:
నేల మీద నిలబడి నేను అందుకోగల నాలుగు కిటికీలకి చేవ.
కింది బద్దకీ చేవే, మామగారూ, వింటున్నారా.
మేడ మీది రెంటికీ ఫైబర్‌గ్లాస్.
వీధిలోంచి చూస్తే తేడా తెలుస్తుందని
యోర్డిస్ రెండుసార్లు చెప్పింది.
తెలియనీ.

జూన్‌లో హెన్నింగ్ వచ్చాడు,
రెండు కిటికీలేనా అని మొహం చిన్నబుచ్చుకుని
ఆర్డరు రాసుకున్నాడు, నమూనాలు తిరిగి అడిగాడు.
ఇచ్చాను.
పెట్టెలో సర్ది మూత వేసి, ఆగి,
మళ్ళీ తెరిచి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.
ఏమీ అనలేదు, మర్యాదస్థుడు.
తర్వాతి ఊరికి గంటకు పైగా ప్రయాణం.
కారు అద్దాలన్నీ దించుకుని వంతెన వైపు మళ్లడం
ఇంకా మార్చని కిటికీలోంచి
కనిపించినంత దూరం చూశాను.